వెల్డింగు అతుకులు – వంతెనల పగుళ్లు

1962 జూలై 10వ తేదీ ఉదయము. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున యర్రా నదిని దాటించు కింగ్ వీధి వంతెనపై సుమారు 45 టన్నుల వాహన మొకటి పోవుచుండెను. ఆ దేశమున జూలై చలికాలము. వంతెనలో ఒక భాగము హఠాత్తుగా అడుగు లోతు క్రుంగినది. దానిని మోయు నాలుగు ఉక్కు గర్డర్లును పగిలినవి. క్రింద కాంక్రీటు గోడలుండుటచే పూర్తిగా కూలలేదు. వంతెన తెరిచి పదునైదు నెలలే అయినది. బరువు మోయరానిదా అనగా, అదియు కాదు.

విచారణకై రాయల్ కమిషను నియమింపబడి, 1963లో నివేదిక వెలువడినది. పగుళ్లు వెల్డింగు అతుకుల వద్దనే పుట్టినవని తేలినది. గర్డరు క్రింది పట్టెకు బలము కొరకు అదనపు పలకను అతికిరి. ఆ పలక పొడవునను అతుకు వేసిన తరువాత, కొనలయందు అడ్డముగా చివరి అతుకు వేసిరి. చల్లారునపుడు లోహము ముడుచుకొనవలెను గదా! పలక అప్పటికే బిగిసిపోయినందున ఈ చివరి అతుకునకు ముడుచుకొను దారి లేకపోయినది. అచ్చట సన్నని పగులు పట్టెను. ఒక పగులులో రంగు కనబడినది. అనగా గర్డరు కర్మాగారము దాటక ముందే అది పగిలియున్నది. దానిమీదనే రంగు పూసిరి!

ఇట్లేల జరుగును? కమ్మరి కొడవలిని ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచును. ఉక్కు గట్టిపడును గాని పెళుసగును. వెల్డింగులో నీరు లేకున్నను మందపాటి పలకయే ఆ పని చేయును. అతుకు వద్ది వేడిని చుట్టునున్న చల్లని లోహము క్షణములో లాగివేయును. ఉక్కులో కార్బను, మాంగనీసు హెచ్చినకొలది ఈ పెళుసుదనము హెచ్చును. తడిసిన ఎలక్ట్రోడు నుండి హైడ్రోజను లోహములో చేరినచో మరియొక చిక్కు: అతుకు చల్లారిన కొన్ని గంటలకు గాని పగులు బయటపడదు. వెంటనే పరీక్షించిన వానికి అంతయు బాగుగనే కనబడును.

ఇందులో విచారకరమైన విషయ మేమనగా, ఈ సంగతులు 1962 నాటికి కొత్తవి కావు. 1938 మార్చిలో బెల్జియంలోని హాసెల్ట్ వద్ద వెల్డింగు చేసిన వంతెన విరిగి ఆల్బర్ట్ కాలువలో పడినది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లండ్ వద్ద, నిలుకడ నీటిలో కట్టివేసియున్న స్కెనెక్టడీ అను కొత్త చమురు ఓడ పెద్ద ధ్వనితో రెండుగా విరిగినది. రివెట్టులతో కూర్చిన ఓడలో పగులు ఒక పలక అంచుతో ఆగును. వెల్డింగు ఓడ అంతయు ఒకే పలక వంటిది, పగులు సాగుచునే పోవును. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అను శాస్త్రవేత్త, కొన్ని ఉక్కులు చలికి సాగుగుణము కోల్పోయి పెళుసగునని పరిశోధించి చూపినది. 1940లోనే డియర్డెన్, ఓనీల్ అనువారు ఉక్కు ఎంత సులభముగా అతుకబడునో లెక్కించు సూత్రము నిచ్చిరి. దానిని ఆధారము చేసికొని నేడు వాడు సూత్రములో కార్బను శాతమునకు మాంగనీసులో ఆరవ వంతు కలుపుదురు. క్రోమియము, నికెలు వంటివి ఉన్న వాటికిని వంతులు కలవు. 0.20 శాతము కార్బను, 1.5 శాతము మాంగనీసు గల ఉక్కుకు మొత్తము 0.45. ఇట్టి ఉక్కు మందముగా ఉన్నచో ముందుగా వేడిచేసి అతుకుట మేలు. హైస్కూలు విద్యార్థి చేయగల లెక్క ఇది!

అయినను పటము గీయు ఇంజనీరు అతుకునకు ఒక గుర్తు పెట్టి ఊరకుండును. ఉక్కు గుణము లోహశాస్త్రజ్ఞునకు తెలియును, చేతి ఒడుపు వెల్డరుకు తెలియును. ఈ ముగ్గురి నడుమనే లోటు. దీనిని పూడ్చుటకే 1948లో అంతర్జాతీయ వెల్డింగు సంస్థ ఏర్పడినది. మన దేశమున 1975లో తిరుచిరాపల్లిలో వెల్డింగు పరిశోధన సంస్థ వెలసినది.

లోటు పూర్తిగా తీరలేదు. 1994 జనవరి 17న కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్ భూకంపములో నూరుకు పైగా ఉక్కు భవనములలో దూలము, స్తంభము కలియుచోట అతుకులు పగిలినవి. దూలములు వంగి భూకంప శక్తిని మ్రింగునని ఇంజనీర్లు నమ్మియుండిరి. పెక్కు అతుకులకు వాడిన లోహము దెబ్బకు ఓర్వలేనిదని పిమ్మట తెలిసినది. బయటికి భవనములు నిటారుగా నిలిచియుండుటచే, గోడల పూతలు ఒలిచి చూచువరకు అనేక పగుళ్లు ఎవరికిని కనబడలేదు.