నింగి నుండి కడలిలోకి

బలవంతుడైన వీరుణ్ణి కల్పించడం ఏ జాతికైనా తేలికే. ఆ బలం అతనికి ఎక్కడిదో చెప్పడమే కష్టం. ఆ చెప్పే తీరులోనే ఆ జాతి చరిత్ర కొంత దాగి ఉంటుందని నా నమ్మకం.

1961 ఏప్రిల్ 12న సోవియట్ యూనియన్‌కు చెందిన యూరీ గగారిన్ భూమిని చుట్టి వచ్చాడు. అదే ఏడాది అమెరికాలో స్టాన్ లీ, జాక్ కిర్బీలు 'ఫెంటాస్టిక్ ఫోర్' అనే బొమ్మల కథను ఆరంభించారు. కమ్యూనిస్టులకంటే ముందుండాలన్న ఆత్రంతో నలుగురు రాకెట్టెక్కుతారు. విశ్వకిరణాలు సోకి ఒకరికి సాగే దేహం, ఒకరికి అదృశ్యశక్తి, ఒకరికి అగ్నిరూపం, మరొకరికి రాతిశరీరం సంక్రమిస్తాయి. నాటి అంతరిక్షపు పోటీలోని ఆశా, భయమూ రెండూ ఆ కథలో ఉన్నాయి.

మరి మనవాళ్ళో? 1978 నాటి హాలీవుడ్ 'సూపర్‌మాన్' క్రిప్టాన్ అనే గ్రహంనుండి వచ్చినవాడు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు 'సూపర్‌మాన్' అయినప్పుడు, ఆ గ్రహం స్థానంలో హనుమంతుడు నిలిచాడు. పేరు వాళ్ళది, బలం మనది. దీనిని వట్టి అనుకరణగా తోసిపుచ్చలేను. ఆంజనేయుని గుడి లేని ఊరు అరుదైన నేలమీద ఆ బలానికి వేరే వివరణ అక్కరలేదు కదా!

నలభై నాలుగేళ్ళ తరువాత, 2024 జనవరి 12న, ప్రశాంత్ వర్మ 'హను-మాన్' విడుదలైంది. మహేశ్ బాబు 'గుంటూరు కారం' వచ్చిన రోజే అది. కథానాయకుడు తేజ సజ్జా 1998లో 'చూడాలని వుంది'లో బాలనటుడు. 2002లో 'ఇంద్ర'లో చిన్ననాటి ఇంద్ర. పెద్దయ్యాక 'ఓ బేబీ' (2019), 'జాంబీ రెడ్డి' (2021). పసితనంలో తెరకెక్కినవారిని పెద్దయ్యాక ప్రేక్షకులు కొత్తగా చూడడం కష్టం. ఇరవై ఆరేళ్ళ ఆ నిరీక్షణను సంక్రాంతి బరిలోని ఒక్క చిత్రం తీర్చింది. దేశమంతటా పేరు తెచ్చింది.

అందులోని శక్తికి మూలం రుధిరమణి. హనుమంతుని రక్తబిందువు నుండి పుట్టిన ఆ మణి నాయకుడికి నీటి అడుగున దొరుకుతుంది, సూర్యకాంతిలోనే పనిచేస్తుంది. పండనుకొని సూర్యునివైపు లంఘించి, ఇంద్రుని వజ్రాయుధపు దెబ్బతిన్న బాలహనుమంతుని గాథ మనకు తెలిసినదే. అంటే మన వీరుని పుట్టుక కూడా అంతరిక్షంలోనే! విశ్వకిరణాలకు బదులు సూర్యకిరణాలు, అంతే భేదం.

అయితే మరొక భేదం నన్ను కలవరపెడుతోంది. వాళ్ళ కథలో నలుగురు. మన కథలో వరం ఎప్పుడూ ఒక్కడికే, తక్కినవారు చప్పట్లకు. చరిత్ర అలా లేదు. మా విశాఖలో 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నాడు. ఆ ఒక్కని దీక్ష వెనుక విద్యార్థులు, కార్మికులు, ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారం ఏ మణి మహిమా కాదు. ఆ 32 మందిలో ఎందరి పేర్లు మనం చెప్పగలం?

తెలుగు తెరమీద ఒక వీరుణ్ణి చూసి సంతోషించాను. ఒక వీరబృందం ఎప్పుడు పుడుతుందా అని ఎదురుచూస్తున్నాను. దానికి అంతరిక్షందాకా పోనక్కరలేదేమో; గాజువాక దాకా వస్తే చాలు. మీరేమంటారు?