చేతి పనిముట్లపై ముద్రలు

పానాలు, రంపాలు, తోపడాల మీద కొట్టిన లేదా పోతపోసిన అక్షరాలు, అంకెలు, గుర్తులు. పాత పనిముట్టు ఎవరు చేశారో, ఎప్పటిదో తేల్చడానికి ఇవే ప్రధాన ఆధారం.

అమ్మినవారు, చేసినవారు ఒకరే కానక్కర్లేదు. అమెరికాలో సియర్స్ సంస్థ 1927 నుంచి ‘క్రాఫ్ట్స్‌మన్’ పేరుతో అమ్మిన పనిముట్లను వేర్వేరు ఫ్యాక్టరీల్లో చేయించింది. పేరు పక్కన చిన్నగా ‘వి’ అక్షరం ఉంటే అది మూర్ డ్రాప్ ఫోర్జింగ్ వారి పానా.

పేటెంటు సంఖ్య మోసం చేయగలదు. అది వస్తువు పుట్టిన ఏడాదిని చెప్పదు, పేటెంటు వచ్చిన ఏడాది కంటే ముందుది కాదనడానికే సాక్ష్యం. అమెరికా పేటెంట్లు 1911లో పది లక్షలు, 1935లో ఇరవై లక్షలు దాటాయి. ‘వెస్ట్ జర్మనీ’ అన్న మాట అంతకంటే సూటి సాక్షి: 1949కి ముందు ఆ దేశమే లేదు. చిరునామాలో అమెరికా జిప్ కోడ్ ఉంటే 1963కు ముందుది కాదు.

అమెరికా సంస్థ స్టాన్లీ చేసిన తోపడాల చరిత్రను సేకర్తలు అన్నిటికంటే లోతుగా తవ్వారు. ఫ్రాగ్ (బ్లేడు ఆనే భాగం) వెనుక దిమ్మపై 1902 నాటి రెండు పేటెంటు తేదీలు మాత్రమే ఉంటే 1910కి ముందుది. 1910 తేదీ కూడా చేరితే తర్వాతది. బ్లేడు మీద హృదయాకారం, అందులో ‘ఎస్.డబ్ల్యు.’ ఉంటే సుమారు 1920-1935 మధ్యది. ఆ హృదయం స్టాన్లీ వర్క్స్ అధ్యక్షుడు విలియం హార్ట్ పేరు మీద చమత్కారం. అయితే అరిగిన బ్లేడు మార్చడం వడ్రంగులకు మామూలే కనుక, బ్లేడు ముద్ర కంటే దిమ్మ మీది పోతనే ఎక్కువ నమ్మాలి.