ఎన్‌కౌంటర్ మరణాలు, పౌరహక్కులు: నల్గొండ, మహబూబ్‌నగర్

పోలీసుల కాల్పుల్లో సంభవించే మరణాలను ఎదురుకాల్పుల ఫలితంగా చూపే సందర్భాన్ని ఎన్‌కౌంటర్ అంటారు. ఆత్మరక్షణకే కాల్చామన్న వాదనను దర్యాప్తు తేల్చాలే తప్ప ముందుగానే నిజమని స్వీకరించరాదని, ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదుపై జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబరులో స్పష్టం చేసింది. ఈ న్యాయమైన సూత్రం కోసం పోరాడిన సంఘం నాయకులు పురుషోత్తం 2000లో, నల్గొండకు చెందిన ఆజం అలీ 2001లో హత్యకు గురయ్యారు.

2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తరలిస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఉమ్మడి నల్గొండ జిల్లా ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే కాల్పుల్లో మరణించగా, సీట్లలో ఒరిగిన మృతదేహాల చేతులకు బేడీలు అలాగే ఉన్నాయి. 2019 డిసెంబరు 6న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు మరణించినప్పుడు జనం పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని 2022లో వెల్లడైన నివేదికలో నిర్ధారించింది.