వెలుగు వచ్చిన వైపు

మే నెలాఖరున రాయపూర్ నగరంలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి చేరుతాడు. కర్కట రేఖకు దక్షిణాన, 21 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉన్న ఆ నగరంలో ఏటా రెండు దినాలు మనిషి నీడ అతని పాదాల కిందనే అణగిపోతుంది. ఆ వేళ ఆరుబయట తీసిన ఛాయాచిత్రంలో నుదురు, ముక్కు తెల్లబారతాయి. కనుగుంటలు చీకటి గోతులవుతాయి. అదే వ్యక్తిని కిటికీ పక్కన కూర్చోబెడితే ముఖంలో ఆలోచన, ప్రశాంతత గోచరిస్తాయి. మనిషి అతడే, వెలుగు వచ్చిన వైపు మాత్రం మారింది.

విద్యుద్దీపాలు రాకముందు రూపచిత్రకారునికి సూర్యుడే దీపం. అందుచేత పందొమ్మిదవ శతాబ్దపు స్టూడియోలను ఉత్తర దిక్కుకు వాలిన గాజు కప్పుతో నిర్మించేవారు. ఐరోపాలో ఆ దిక్కు నుంచి నేరుగా ఎండ పడదు. నిలకడైన ఆకాశకాంతి మాత్రమే లోనికి వస్తుంది. ఈ సూత్రం దక్కనులో పూర్తిగా చెల్లదు. హైదరాబాదు అక్షాంశం వద్ద మే రెండవ వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్న సూర్యుడు ఉత్తరాననే ఉంటాడు. పుస్తకంలోని నియమాన్ని నమ్మి కట్టిన గాజు కప్పు నుంచి వేసవిలో ఎండ సూటిగా ముఖం మీద పడుతుందన్నమాట! ఇక్కడి ఛాయాగ్రాహకులకు తెరలూ పరదాలూ అలంకారాలు కావు, అత్యవసర పరికరాలు.

మరొక చిక్కు కూడా ఉండేది. ఆనాటి గాజు ప్లేట్లు నీలికాంతికి త్వరగా స్పందించేవి. ఎరుపు, పసుపు వర్ణాలను నల్లగా నమోదు చేసేవి. గోధుమ రంగు ముఖం మీద ఒక పక్క నుంచే కాంతిని పంపితే రెండవ చెక్కిలి మసిబారినట్లు వచ్చేది. అందువల్ల ఎదుటి వైపున తెల్లని గుడ్డను నిలిపి, దాని మీద పడిన వెలుగును తిరిగి ముఖంపైకి మళ్ళించేవారు. కాంతి కాస్త పైనుంచి, కాస్త పక్కనుంచి వస్తే ముక్కు నీడ చెక్కిలి మీద మెత్తగా వాలి ముఖానికి గాంభీర్యాన్నిస్తుంది. సూటిగా ఎదుటినుంచి వస్తే ముఖం చదునవుతుంది. అన్ని వివరాలూ కనబడతాయి గాని మనోభావం చిక్కదు. కిందినుంచి వస్తే భీకరత్వం కలుగుతుంది. కాగడాల వెలుగులో వీధినాటకం చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ కళకు తెలుగు నేల మీద ప్రముఖ ప్రతినిధి రాజా దీనదయాళ్. 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇందోరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా కెమెరా చేపట్టిన ఈయన 1880వ దశకంలో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆదరణ పొంది సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పారు. నిజాము ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు నిచ్చారు. అమీర్లు, అధికారులు ఆయన ముందు నింపాదిగా కూర్చునేవారు. తెర ఏ మేరకు తొలగాలో, నీడ ఎంత ఉండాలో నిర్ణయించే వ్యవధి అక్కడ ఉండేది. 1892లో ఘోషా స్త్రీల కొరకు హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో వెలసింది. దాని నిర్వహణను కెనీ లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించారు. పరాయి చూపు పడరాదని ఎత్తయిన గోడలు లేపినా, ఆకాశపు వెలుగు మాత్రం లోనికి రాక తప్పదు గదా!

ఈ వ్యవధి అందరికీ లభించలేదు. రాయపూర్ నాడు మధ్యపరగణాలలోని ఛత్తీస్‌గఢ్ డివిజనుకు చెందినది. ఆ పరగణాల తెగలను, కులాలను వర్ణిస్తూ రస్సెల్, రాయ్ బహదూర్ హీరాలాల్ 1916లో వెలువరించిన నాలుగు సంపుటాల గ్రంథంలో ఛాయాచిత్రాలున్నాయి. అందులో ఒకటి గోండు స్త్రీల కాళ్ల వెనుక భాగంలోని పచ్చబొట్లను చూపడానికి ఉద్దేశించినది. చూపదలచినది పచ్చబొట్టును, ముఖం మీది వెలుగుతో పని లేదు. చిత్రం కింద తెగ పేరే గాని వ్యక్తి పేరు లేదు. పండితులుగా ఆ గ్రంథకర్తల శ్రద్ధను శంకించలేము. అయినా ఆ చిత్రాలను దీనదయాళ్ దర్బారు చిత్రాల పక్కన ఉంచితే, ఎవరికి నీడను ఎన్నుకునే అవకాశం దక్కిందో, ఎవరికి దక్కలేదో ఇట్టే తెలుస్తుంది.

దీనదయాళ్ కృషిలోనే ఈ భేదం ఉంది. 1899–1900 నాటి మహాక్షామంలో నిజాము రాజ్యంలో జరిగిన సహాయ కార్యక్రమాలను ఆయన సంస్థ చిత్రించింది. రాయపూర్ ప్రాంతాన్ని కూడా పీడించిన క్షామమే అది. అమీర్ల ముఖాలను అంత మృదువుగా తీర్చిన ఛాయాగ్రాహకుని కెమెరా ముందు ఇప్పుడు నిలిచినవారు బక్కచిక్కిన జనం. అక్కడ గాజు కప్పు లేదు, పరదా లేదు, ఎదుట నిలిపే తెల్లగుడ్డ లేదు. ఎండ తాను వచ్చిన వైపు నుంచే వచ్చింది.