కోవిడ్ కాలంలో విశ్వవిద్యాలయ విద్యార్థుల మానసిక ఆరోగ్యం

కోవిడ్-19 వ్యాప్తిని అరికట్టేందుకు 2020 మార్చిలో దేశవ్యాప్తంగా విశ్వవిద్యాలయాలు మూతపడ్డాయి. వసతి గృహాలు ఖాళీ అయ్యాయి. చదువులు, పరీక్షలు, ఉద్యోగ నియామకాలు ఏకకాలంలో అనిశ్చితిలో పడటంతో విద్యార్థుల మానసిక ఆరోగ్యం జాతీయ స్థాయి చర్చనీయాంశమైంది.

ఒత్తిడికి కారణాలు

వ్యాధి భయంతో పాటు ఆప్తుల మరణాలు, తగ్గిన కుటుంబ ఆదాయం, సహాధ్యాయులకు దూరం కావడం విద్యార్థులను కుంగదీశాయి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఇంటర్నెట్ సదుపాయం గల కుటుంబాలు పట్టణాల్లో 42 శాతం కాగా, గ్రామాల్లో సుమారు 15 శాతమే. అందువల్ల సొంత ఊరికి చేరిన అనేకులకు ఆన్‌లైన్ తరగతులు అందుకోవడమే కష్టమైంది. చివరి సంవత్సరం పరీక్షలను సెప్టెంబరు నెలాఖరులోగా ముగించాలని యూజీసీ 2020 జులై 6న సూచించింది. ఆగస్టు 28న సుప్రీంకోర్టు దానిని సమర్థించే వరకు సందిగ్ధత కొనసాగింది.

గణాంకాలు

జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికల ప్రకారం దేశంలో విద్యార్థుల ఆత్మహత్యలు 2019లో 10,335, 2020లో 12,526, 2021లో 13,089. వీటిలో పాఠశాల విద్యార్థులూ ఉన్నారు. ఈ పెరుగుదలకు మహమ్మారి ఒక్కటే కారణమని ఈ అంకెల ఆధారంగా నిర్ధారించలేము.

సహాయ వ్యవస్థలు

మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్లు నెలకొల్పాలని యూజీసీ 2020 ఏప్రిల్‌లోనే విశ్వవిద్యాలయాలను కోరింది. కేంద్ర ప్రభుత్వం అదే ఏడాది జులై 21న విద్యార్థుల కోసం ‘మనోదర్పణ్’ను, సెప్టెంబరు 7న తెలుగు సహా 13 భాషల్లో ‘కిరణ్’ సేవను ప్రారంభించింది. 2022 అక్టోబరు 10న ‘టెలి మానస్’ అందుబాటులోకి వచ్చింది.

అయితే ఫోన్ సలహాకు ఒక పరిమితి ఉంది. కుటుంబమంతా ఒకటి రెండు గదుల్లో ఉండే ఇంట్లో మనసులోని బాధను ఇతరుల చెవిన పడకుండా చెప్పుకునే చోటు దొరకదు. నిత్యం కనిపించే అధ్యాపకులు, మిత్రులు గమనించగల మార్పులు దూరం నుంచి తెలియవు. హెల్ప్‌లైన్‌కు తోడు విద్యాసంస్థలోనే నిపుణుల సహాయం అవసరమనడానికి ఇదే కారణం.

ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఈ బాధ్యతను స్పష్టం చేసింది. దేశవ్యాప్తంగా వర్తించే 15 మార్గదర్శకాలు జారీ చేస్తూ, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత గల మానసిక ఆరోగ్య నిపుణులను కనీసం ఒకరినైనా నియమించాలని ఆదేశించింది.

మానసిక వేదనలో ఉన్నవారు, వారి కుటుంబ సభ్యులు, మిత్రులు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి టెలి మానస్ సలహాదారులతో మాట్లాడవచ్చు.