బ్రాంకోస్ పోరగాండ్ల సీజన్

ఇంకింత దగ్గరికి జరుగుర్రి, చెప్త. మీకు మంచు హాకీ అంటే టీవీల కనవడే ఎన్‌హెచ్‌ఎల్ ఒక్కటే ఎరుక. దాని కిందనే ఇంకో మెట్టున్నది, జూనియర్ హాకీ. 16 ఏండ్ల నుంచి 20 ఏండ్ల దాక పోరగాండ్లు ఆడేది. మన కెనడాల పడమటి దిక్కున్నదాన్ని వెస్టర్న్ హాకీ లీగ్ అంటరు. శీతకాలమంత నడుస్తది, అప్పట్ల ఒక్కో జట్టుకు 72 ఆటలు ఉండేటియి. అందుల సగం పరాయి ఊర్లల్లనే. బస్సుల పోవుడు, బస్సుల వచ్చుడు. రాత్రి ఆట అయినంక తడి బట్టలు సంచుల కుక్కుకోని బస్సెక్కితే, సీట్లనే నిద్ర, సీట్లనే తిండి, ఎనక సీట్లల్ల పేకాట.

నేను అప్పుడు స్విఫ్ట్ కరెంట్‌ల, గోధుమ పంటల పరిశోధన కేంద్రంల కొలువు జేస్తుంటి. సస్కాచివాన్‌ల ట్రాన్స్ కెనడా రోడ్డు పక్కపొంటి ఊరది. 16,000 మందికి అటిటు. అంత చిన్న ఊరికి గంత పెద్ద లీగుల జట్టున్నదంటే బయటోళ్ళు నమ్మకపోయేది. ముందుగాల ఉన్న జట్టు 1974ల లెత్‌బ్రిడ్జ్‌కు ఎల్లిపోయింది. పన్నెండేండ్లు ఊరంత దాన్ని యాది జేసుకుంటనే ఉన్నరట. 1986ల ఊరోళ్ళే పూనుకోని మళ్ళ తెచ్చుకున్నరు. స్విఫ్ట్ కరెంట్ బ్రాంకోస్. ఆ జట్టుకు ఆసామి ఎవ్వడు లేడు, ఊరే ఆసామి. అందుకే ఆ ఏడు రింకుల ఆట ఉన్న రాత్రి బజార్ల మనిషి కనవడకపోయేది. మైనస్ ముప్పై చలి. బయట నిలబెట్టిన కార్లకు ఇంజన్ వెచ్చగ ఉంచే బ్లాక్ హీటర్ల వైర్లు ఏలాడుతుండేటియి. లోపల మాత్రం జనం అరుపులకు కప్పు లేసిపోతదా అనిపించేది.

నాకు ఆట కన్న ముందు నచ్చింది ఆ పోరగాండ్లు ఉండే తీరు. అల్బర్టా నుంచి ఒకడు, బ్రిటిష్ కొలంబియా నుంచి ఒకడు, ఏడనో పొలాల నడుమ ఇల్లున్నోడు ఒకడు. తల్లిదండ్రులు సంచి సదిరి పంపిస్తే, ఊర్లె ఎవలో ఒకలు ఇంట్ల పెట్టుకుంటరు. బిల్లెట్ కుటుంబం అంటరు దాన్ని. తిండి ఖర్చుకని లీగు జట్లు ఆ ఇంటికి నెలకింత ఇస్తయి గని, ఆ పోరలు తినే తిండికి అది ఏ మూలకూ సాలదు. మా బాపు కరీంనగర్‌ల వారాలు జేసుకోని చదివినోడు. సోమారం ఒకల ఇంట్ల, మంగళారం ఇంకొకల ఇంట్ల. ఆకిట్ల నిలబడి పిలుపుకు ఎదురుచూసుడు ఎట్లుంటదో చెప్పుకుంట మా బాపు గొంతు ఆగిపోయేది. బిల్లెట్ గూడ వారాల అసొంటిదే గద. ఇది ఒక్క ఇంట్లనే వారం పొడుగూత. పరాయి తల్లి చేతి తిండి తిని పెరుగుడు.

మా పక్కింట్ల అట్ల ఒక పోరడు ఉండె. మీ బాపమ్మ వాన్ని మొదటిసారి సూసినప్పుడు, మంచు తోడే పార పట్టుకోని మా ఆకిలి ఊడుస్తున్నడు. ఎవ్వలు చెప్పలే. వాళ్ళ ఆకిలి అయిపోయిందట, పార చేతిల ఉన్నది గదా అని మాది గూడ చేసిండు. కింది పెదివి పగిలి రెండు కుట్లు. మీ బాపమ్మ లోపలికి పిలిచి అన్నం, ముద్దపప్పు, నెయ్యి పెడితే, కుట్లు తగలకుంట ఒక దిక్కు నుంచే మెల్లగ తిని, ఇంకింత అడుగనీకి మొకమాటపడ్డడు. ఆమె అడగకముందే ఏసింది. ఆనాటి నుంచి ఆమెకు ఆట తెల్వకున్నా రేడియోల బ్రాంకోస్ పేరు వినవడితే పొయ్యి మీదిది దించి వచ్చేది.

ఇగ 1986 డిసెంబర్ 30. మంగళారం. రాత్రికి రెజైనాల ఆట, రెజైనా ప్యాట్స్ జట్టుతోని. పొద్దుగూకకముందే బస్సు బయలెల్లింది. ఆనాడు రోడ్డు మీద నల్ల మంచు. అది కంటికి కనవడదు బిడ్డా. అద్దమోలె పలుచగ తారు రోడ్డు మీద పర్సుకుంటది, కింది నలుపే కనవడుతది. ఊరు దాటి నాలుగు కిలోమీటర్లు గూడ పోలే. రైలు పట్టాల మీది వంతెన కాడ బస్సు జారింది. రోడ్డు దిగి, గాల్ల లేసి, పక్కకు పడ్డది.

ఎనక సీట్లల్ల పేకాట ఆడుతున్న నలుగురు పోయిన్రు. పేర్లు చెప్త, వినుర్రి. ట్రెంట్ క్రెస్, కిండర్స్లీ పిలగాడు. స్కాట్ క్రూగర్, మా ఊరి పిలగాడే. క్రిస్ మాంటికా, సస్కటూనోడు. బ్రెంట్ రఫ్, అల్బర్టాల వార్‌బర్గ్ ఊరు. అప్పటికి వాళ్ళ అన్న లిండీ రఫ్ ఎన్‌హెచ్‌ఎల్‌ల ఆడుతుండె. బ్రెంట్‌కు 16 ఏండ్లే.

ఆ రాత్రి ఊరంత ఫోన్ల కాడనే కూసున్నది. మా పక్కింటామె వాకిట్లనే నిలబడ్డది, కోటు లేకుంట. వాడు బతికే ఉన్నడని తెలిసినంక గూడ ఆమె వణుకు ఆగలే. పోయిన పరాయి ఊరి పోరలను అట్లనే తమ ఇండ్లల్ల పెట్టుకున్న తల్లులున్నరు గద, ఆళ్ళ ముచ్చటే ఆమె నోట్ల. కన్నోళ్ళకు ఏం మొకం చూపెట్టాలె అనుకుంట ఏడ్సింది. నేనేం చెప్పగలుగుత? చేతిల టీ కప్పు పెట్టిన.

సంతాప సభ వాళ్ళు ఆడే రింకులనే జరిగింది. వేల మంది వచ్చిన్రు. ఇగ సీజన్ ఆపేస్తరనుకున్నం. పోరగాండ్లే కూసోని ఆడుదమని తేల్చుకున్నరు. జనవరిలనే మళ్ళ బస్సెక్కిన్రు. ఆ బస్సు మెట్టు మీద కాలు పెట్టుడు, ఆట గెలుసుడు కన్న పెద్దదని నేను ఆనాడు అనుకున్న, ఇప్పటికీ అదే అంట. అంగీల మీద ఒక గుర్తు కుట్టించుకున్నరు. నాలుగు రేకుల ఆకు, రేకుకొక నంబరు, 8, 9, 11, 22. పోయిన నలుగురి నంబర్లు. పక్కింటి పోరడు మా ఇంటికొచ్చినప్పుడు మీ బాపమ్మ ఆ గుర్తును వేళ్ళతోని తడిమి చూసింది, ఏమనలే. వాడు గూడ ఏమనలే.

ప్లేఆఫ్స్‌కు చేరుకున్నరు, తొలి రౌండ్‌లనే ప్రిన్స్ ఆల్బర్ట్ ఊరి జట్టు చేతుల ఓడిపోయిన్రు. ఆ సీజన్ లెక్క అంతే. గని ఆ బస్సుల ఉండి బతికిన ఒక కొత్త పిలగాడు, జో సాకిక్, ఆ ఏడు 72 ఆటలల్ల 60 గోల్స్ కొట్టిండు. 17 ఏండ్లు. అమ్మానాన్న క్రొయేషియా నుంచి వచ్చినోళ్ళు, బడికి పోయేదాక వానికి ఇంగ్లీషు రాదు. మీ నాయిన సుత ఇక్కడి బడిల మొదటి దినం అట్లనే నోరు తెరవలే. సాకిక్ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌ల కొలరాడో జట్టుకు కెప్టెన్ అయి 1996ల ఒకసారి, 2001ల ఒకసారి స్టాన్లీ కప్పు ఎత్తిండు. వెస్టర్న్ లీగుల అందరికన్న మంచి ఆటగానికి ఇచ్చే బహుమతికి ఇప్పుడు పోయిన ఆ నలుగురి పేరే ఉన్నది, ఫోర్ బ్రాంకోస్ మెమోరియల్ ట్రోఫీ అని.

1989ల మా బ్రాంకోస్ మెమోరియల్ కప్పు కొట్టిన్రు. కెనడాల జూనియర్ హాకీకి దాని మీదికెల్లి కప్పు లేదు. సస్కటూన్‌ల సస్కటూన్ బ్లేడ్స్ తోనే ఫైనల్. 3-3, ఓవర్‌టైమ్. టిమ్ టిస్‌డేల్ గోల్ కొట్టిండు. స్కాట్ క్రూగర్ తమ్ముండ్లు ట్రెవర్, డారెన్ ఇద్దరు ఆ జట్టుల ఉన్నరు. మా వీధిల ఇండ్లల్ల నుంచి జనం చెప్పులు లేకుంట బయటికి ఉరికిన్రు.

ఇంకో సంగతున్నది, చెప్పకుంటే ఈ ముచ్చట అబద్ధమైతది. మీరు పెద్దోళ్ళైతున్నరు, వినాలె. ఆ జట్టు కోచ్ తన కింద ఆడే పోరగాండ్ల మీద లైంగిక దౌర్జన్యం జేసినోడు. ప్రమాదమైనంక బాధను చెప్పుకొనీకి బయటి నుంచి ఒక మనిషిని పిలవనియ్యలే, అన్నీ జట్టు లోపట్నే ఉండాలన్నడు. ఎందుకో మాకు తర్వాత తెలిసింది. ఆ బస్సుల బతికిన షెల్డన్ కెనడీ నోరు విప్పి పోలీసులకు చెప్తే, 1997ల ఆ కోచ్ జైలుకు పోయిండు. మరుసటి ఏడు కెనడీ చక్రాల బూట్ల మీద దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, అట్ల నలిగిన పిల్లల కోసం పైసలు జమ జేసిండు. నలుగురు పోయిన దుఃఖం ఊరందరిది. ఈ దుఃఖం మాత్రం ఆ పిలగాండ్లు ఒక్కొక్కలు ఒంటరిగ మోసిన్రు, మేం పక్కనే ఉండి గూడ కనుక్కోలే. ఊరే ఆసామి అయినప్పుడు, ఆ పోరలను అడిగే బాధ్యత గూడ ఊరిదే ఉండె.

2018 ఏప్రిల్ 6 మీకు యాదుంటది. అదే పేరున్న ఇంకో జట్టు, హంబోల్ట్ బ్రాంకోస్ బస్సు నిపావిన్ ఊర్ల ఆటకు పోతుంటే లారీకి గుద్దుకోని 16 మంది పోయిన్రు. దేశమంత ఆకిట్ల హాకీ కర్రలు నిలబెట్టిన్రు. మేం గూడ పెట్టినం, మీ బాపమ్మ రాత్రంత దీపం ఆర్పనియ్యలే. స్విఫ్ట్ కరెంట్ బస్సుల బతికినోళ్ళు, అప్పటికి నడి వయసు మనుషులు, హంబోల్ట్‌కు పోయి ఆ పోరల పక్కన కూసున్నరు. 1986ల తమ పక్కన అట్ల ఎవ్వలు కూసోలేదని వాళ్ళకు బాగ ఎరుక.

మీ అమ్మ నిన్న అడిగింది, ఇక్కడి జట్టోళ్ళు బిల్లెట్ ఇండ్ల కోసం చూస్తున్నరట, పెట్టుకుందమా మామయ్యా అని. కింది గది ఖాళీగనే ఉన్నది. మంచం నేను సదురుత, వాని తిండి మీ బాపమ్మ చూసుకుంటది. మీరిద్దరు మాత్రం వాడు రాత్రి ఆట నుంచి వచ్చేదాక ఒకలు మేలుకొని ఉండాలె. వచ్చినంక గెలిసిన్రా ఓడిన్రా అని తర్వాత అడుగుర్రి. ముందుగాల తిన్నవా అని, నీకేమన్న బాధున్నదా అని అడుగుర్రి.