ప్రోగ్రాములలో మార్చుకొనదగిన భాగాలు

ఇంటిలో బల్బు మాడిపోతే హోల్డరు నుండి దానిని తీసి వేరొకటి పెట్టుకొంటాము. గోడ త్రవ్వనక్కర లేదు, తీగ కోయనక్కర లేదు. అదే బల్బును తీగకు టంకము వేసి అతికించి ఉంటే ప్రతిసారీ పనివానిని పిలవవలసినదే. హోల్డరు చేసిన మేలు ఏమిటి? తనలో ఏ కంపెనీ బల్బు వచ్చి కూర్చుంటుందో తీగకు తెలియనక్కర లేకుండా చేయడమే. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారికి ఈ చిన్న సంగతి పూర్తిగా అలవాటు కావడానికి ముప్పది సంవత్సరాలకు పైగా పట్టినది.

మొదటి మెట్టు 1972 నాటిది. అమెరికాలోని కార్నెగీ-మెలన్ విశ్వవిద్యాలయములో ఉన్న డేవిడ్ పార్నాస్, పదసూచిక తయారుచేసే ఒక చిన్న ప్రోగ్రామును తీసుకొని రెండు విధాలుగా విభజించి చూపినాడు. మొదటి విధము పని జరిగే వరుసలో పోతుంది: చదువుట, పదాలను త్రిప్పుట, అక్షరక్రమములో పేర్చుట, అచ్చువేయుట. అప్పట్లో అందరూ చేసేది అదే. రెండవ విధములో, ముందు ముందు మారగల నిర్ణయము ఒక్కొక్కదానిని ఒక్కొక్క భాగములో దాచినాడు. పంక్తులను జ్ఞాపకములో ఉంచే పద్ధతి మార్చవలసి వస్తే మొదటి విభజనలో అన్ని భాగాలనూ తిరగవ్రాయాలి. రెండవదానిలో ఒక్కదానిని మారిస్తే చాలును.

1994 లో ఎరిక్ గామా, మరి ముగ్గురు కలిసి వ్రాసిన 'డిజైన్ ప్యాటర్న్స్' గ్రంథము ఈ బోధను మరింత ముందుకు తీసుకొనిపోయినది. ఒక భాగము రెండవ భాగము లోపలి నిర్మాణాన్ని నమ్ముకొనరాదు. అది ఏమి చేయగలదో తెలిపే ఒప్పందాన్ని, అంటే ఇంటర్‌ఫేసును, మాత్రమే నమ్ముకొనవలెనని వారి సలహా. సలహా మంచిదే. కాని ఒక చిక్కు మిగిలిపోయినది. ఒప్పందము ప్రకారము నడిచే అసలు వస్తువును ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు సృష్టించాలి గదా! వాడుకొనే భాగమే దానిని పేరుపెట్టి సృష్టిస్తే మళ్ళీ టంకము పడినట్లే.

ఈ చిక్కు బాధగా మారినది సర్వరు ప్రోగ్రాములలో. 1998 లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ జావా భాషలో సర్వరు భాగాల కొరకు ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్ అనే విధానాన్ని ప్రకటించినది. లావాదేవీలు, భద్రత వంటి బరువు పనులను ఒక పెద్ద సర్వరు చూచుకొంటుంది; భాగాలను దానిలో అమర్చుకొనవచ్చును. ఆశయము ఘనమైనదే. అయితే ఒక భాగానికి మరొకటి కావలసి వస్తే తానే వెళ్ళి సర్వరు పట్టికలో పేరు చూచి వెదకుకొనాలి. కనుక ఆ భాగము సర్వరు బయట బ్రతకలేదు. దానిలోని చిన్న కూడిక సరిగా ఉన్నదో లేదో చూడాలన్నా మొత్తము సర్వరును లేపి, భాగాన్ని మూటగట్టి అందులో ఎక్కించి, వేచి ఉండాలి. ఇంత శ్రమ ఉంటే ఎవరు పరీక్షిస్తారు? పరీక్షలు వాయిదా పడేవి. తప్పులు వినియోగదారుల ముందు బయటపడేవి.

ఈ పద్ధతిని గట్టిగా ప్రశ్నించిన రాడ్ జాన్సన్ సిడ్నీ విశ్వవిద్యాలయములో సంగీతశాస్త్రములో డాక్టరేటు పొందినవాడు. 2002 లో వెలువడిన తన పుస్తకముతో పాటు సుమారు 30,000 పంక్తుల ప్రోగ్రామును కూడ ఆయన అందించినాడు. యుర్గెన్ హోలర్, యాన్ కారాఫ్ అనే పాఠకులు దీనిని బహిరంగ ప్రాజెక్టుగా నడుపుదామని పట్టుబట్టినారు. పాత పద్ధతి అనే శీతకాలము గడచినదన్న భావముతో కారాఫ్ దానికి 'స్ప్రింగ్', అనగా వసంతము, అని పేరు పెట్టినాడు. మొదటి విడుదల 2003 జూన్‌లో జరిగినది. అదే కాలములో పాల్ హామంట్, అస్లాక్ హెలసోయ్ 'పికోకంటైనర్' అనే చిన్న సాధనాన్ని తయారుచేసినారు.

చేసే పని ఒకటే అయినా దీనికి సరియైన పేరు లేదు. అదుపు తలక్రిందులగుట అనే అర్థమిచ్చే పాత మాటనే అందరూ వాడుతూ ఉండేవారు. అది మరీ విశాలమైన మాట అని మార్టిన్ ఫౌలర్‌కు తోచినది. ఇతరులతో చర్చించి, 2004 జనవరిలో వ్రాసిన వ్యాసములో 'డిపెండెన్సీ ఇంజెక్షన్' అనే పేరును స్థిరపరచినాడు. కావలసిన ఆధారాన్ని బయటి నుండి లోనికి ఎక్కించుట అని దాని భావము.

ఆయన ఇచ్చిన ఉదాహరణ సులభమైనది. ఒక దర్శకుడు తీసిన సినిమాలను చెప్పే భాగము ఒకటి. సినిమాల పట్టికను తెచ్చి ఇచ్చే భాగము మరొకటి. మొదటిది తనలోనే, ఫలానా ఫైలును చదివే రెండవదానిని సృష్టించుకొంటే, పట్టికను డేటాబేసులో దాచుకొన్న స్నేహితురాలికి అది పనికిరాదు. దీనికి మందు ఇది: మొదటి భాగము తనను నిర్మించేటప్పుడే "పట్టిక తెచ్చేవానిని నాకు ఇవ్వండి" అని అడుగుతుంది, అంతే. ఎవరిని ఇవ్వాలో బయట ఉన్న కూర్పరి నిర్ణయిస్తాడు. ఈనాడు ఫైలు చదివేది, రేపు డేటాబేసు చదివేది, పరీక్ష చేసేనాడు రెండే సినిమా పేర్లు గల ఒక నకిలీది. మొదటి భాగములో ఒక్క అక్షరము మారదు, సర్వరును లేపే పని అసలే లేదు.

అయిదు సెంట్ల భావానికి ఇరవై అయిదు డాలర్ల పేరు అని 2006 లో జేమ్స్ షోర్ ఎగతాళి చేసినాడు. మాట నిజమే గాని, వేలకొలది అతుకులున్న సర్వరులో ఆ అయిదు సెంట్లు లేకపోవడము వల్ల కలిగిన నష్టము చిన్నది కాదు.

ఖర్చు లేకపోలేదు. తొలినాటి స్ప్రింగ్‌లో కూర్పు అంతా ఎక్స్ఎమ్ఎల్ ఫైళ్ళలో వ్రాసేవారు. అందులో ఒక పేరు తప్పు పడితే కంపైలరు పట్టుకొనదు. ప్రోగ్రాము మొదలుపెట్టినప్పుడే బయటపడుతుంది. 2007 లో గూగుల్ నుండి బాబ్ లీ తెచ్చిన 'గైస్' ఆ కూర్పును తిరిగి జావా భాషలోకే తీసుకొనివచ్చినది. అంతకు ముందే, 2006 లో, ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్ మూడవ రూపము కూడ ఆధారాలను బయటి నుండి అందించే పద్ధతిని స్వీకరించినది.

2009 లో, పోటీ సాధనాలకు కర్తలైన రాడ్ జాన్సన్, బాబ్ లీ కలిసి జావాకు ఒక ఉమ్మడి ప్రమాణాన్ని కుదిర్చినారు. అందులో ఉన్నవి అయిదు గుర్తులు, ఒక ఇంటర్‌ఫేసు మాత్రమే. ఆ గుర్తులతో వ్రాసిన భాగానికి, తనను కూర్చుతున్నది స్ప్రింగా, గైసా అన్నది కూడ తెలియనక్కర లేదు.